ఉబుంటు ఎక్కడికీ పోలేదు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ కంగారు విన్నాక రాత్రంతా మనసు అక్కడే ఉంది. అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోతోంది, పక్కనే పెట్టుకున్న ఉబుంటు లైనక్స్ కనిపించడం లేదు, ప్రాజెక్టంతా అందులోనే ఉంది అన్నావు. స్నేహితులేమో రెండూ మళ్లీ ఇన్‌స్టాల్ చేసెయ్యమన్నారట. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. నీ ప్రాజెక్టు నిజంగా పోయేది అప్పుడే.

నీ ఫైళ్లుండే పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం) వేరు, ఆన్ చెయ్యగానే సిస్టమ్‌ని లేపే బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ వేరు. ఈమధ్య కంప్యూటర్లన్నీ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో లేస్తాయి. డిస్క్‌లో ఫ్యాట్32 ఫార్మాట్‌లో చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డరూ, ఉబుంటు ఫోల్డరూ పక్కపక్కనే ఉంటాయి. ఏది ముందు లేవాలన్న వరుస మాత్రం మదర్‌బోర్డు మెమరీలో రాసి ఉంటుంది. కొన్ని అప్‌డేట్ల తర్వాత విండోస్ ఆ వరుసలో పైకి వచ్చేస్తుంది. నీ విషయంలో చాలావరకు జరిగింది ఇదే.

దేన్నైనా ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో. సెక్యూర్ బూట్ (నమ్మదగిన బూట్ లోడర్లనే లేవనిచ్చే కాపలా) లాంటి సెట్టింగు మారిస్తే విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేకపోతే ఆ వైపు ఫైళ్లకు తలుపు మూసుకుపోయినట్టే.

ఇప్పుడు కంప్యూటర్ ఆపి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండు. కంపెనీని బట్టి అది సాధారణంగా ఎఫ్12, ఎఫ్11, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్‌లలో ఒకటి అవుతుంది. ఆ జాబితాలో ఉబుంటు పేరు కనిపిస్తే ఎంచుకో. లోపలికి వెళ్లగలిగితే ముందు ప్రాజెక్టు కాపీ తీసుకో, తర్వాత బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ఉబుంటుని పైకి జరుపు. పని అయిపోయినట్టే.

ఎంచుకున్నాక షిమ్ (లైనక్స్‌లో మొదట లేచే బూట్ లోడర్), ఎస్‌బ్యాట్ (పాత బూట్ లోడర్లను అడ్డుకునే ఏర్పాటు) అంటూ సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అని వచ్చి ఆగిపోతే అది వేరే సమస్య. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ పాత లైనక్స్ బూట్ లోడర్లను ఇలాగే ఆపేసింది. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి ఉబుంటులోకి వెళ్లి, దాన్ని పూర్తిగా అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చెయ్యాలి.

జాబితాలో ఉబుంటు పేరే లేకపోతే లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్) కావాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బూట్ మెనూలో ఆ యూఎస్‌బీ రెండుసార్లు కనిపించవచ్చు. పేరుకు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకో. పాత లెగసీ పద్ధతిలో లేస్తే నువ్వు ఎంత సరిగ్గా చేసినా మదర్‌బోర్డు వరుసలో పేరు ఎక్కదు. లేచాక సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందో లేదో చూడు. ఉంటే నువ్వు సరైన పద్ధతిలోనే ఉన్నావు. అప్పుడు ఉబుంటు పార్టిషన్‌ని మౌంట్ చేసి (ఒక ఫోల్డర్‌లా తెరిచి), దాని బూట్ ఫోల్డర్‌లోని ఈఎఫ్ఐ అన్నచోట ఆ చిన్న పార్టిషన్‌ని మౌంట్ చేసి, లైవ్ సిస్టమ్‌లోని డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లు మూడూ వాటి లోపలి మౌంట్లతో సహా (ఆర్‌బైండ్) అక్కడికి బైండ్ చేసి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో నీ ఉబుంటు లోపలికి వెళ్లు. గ్రబ్ అంటే ఉబుంటు బూట్ లోడర్. అక్కడ గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్, ఆ తర్వాత అప్‌డేట్ గ్రబ్ కమాండ్ నడుపు. ఇదంతా ఒక్క బటన్‌తో చేసే బూట్ రిపేర్ అనే టూల్ కూడా ఉంది. కానీ నువ్వు ఒకసారి చేత్తో చేస్తేనే బాగుంటుందని నా అభిప్రాయం. ఎక్కడ ఏముందో చూసినవాళ్లకి మరోసారి భయం ఉండదు.

ఆ ఈఎఫ్ఐ పార్టిషన్‌ని మాత్రం ఎప్పుడూ ఫార్మాట్ చెయ్యకు. కొన్నేళ్ల క్రితం డిస్క్‌లో పేరు లేని 100 ఎంబీ పార్టిషన్ చూసి, ఎందుకూ పనికిరాదనుకుని తీసేశాను. మర్నాడు విండోస్ లేవలేదు, లైనక్సూ లేవలేదు. విండోస్ ఇన్‌స్టాలేషన్ యూఎస్‌బీతో ఆ చోట మళ్లీ ఫ్యాట్32 పార్టిషన్ చేసి, బీసీడీబూట్ కమాండ్‌తో విండోస్‌ని లేపి, పైన చెప్పినట్టు గ్రబ్ వేసుకునేసరికి తెల్లవారింది. ఒక్క ఫైలు కూడా పోలేదు. కానీ ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ నువ్వు పడకూడదు.

గ్రబ్ వచ్చాక మెనూలో విండోస్ లేకపోతే కంగారుపడకు. గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. ఈటీసీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫైలు తెరిచి, గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ అనే లైన్‌కి ఫాల్స్ అని పెట్టి, అప్‌డేట్ గ్రబ్ మరోసారి నడుపు.

ఇంకొకటి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, లైనక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం ప్రమాదం.

సీహెచ్‌రూట్ దాకా వెళ్లాల్సి వస్తే ముందు పార్టిషన్ల జాబితా ఫోటో తీసి నాకు పంపు. ఏది రూటో (ఉబుంటు ఉన్న పార్టిషన్), ఏది ఈఎఫ్ఐయో ఇద్దరం చూసుకున్నాకే ఎంటర్ నొక్కుదువుగాని. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

ఉంటాను,
మీ మామయ్య