తిరిగొచ్చిన కథని ఏం చేయాలి?

రెండేళ్లలో తొమ్మిది కథలు పంపితే ఒక్కటీ పడలేదు, ఇక రాయడం మానేస్తానన్నావు తమ్ముడూ, చదివి మనసుకి కష్టమేసింది, నావి మొదటి పదకొండూ ఇలాగే పోయాయి మరి. వారపత్రికలో వారానికి ఒకటో రెండో కథలకే చోటుంటుంది, బాగున్నవీ ఆగిపోతాయి. చాలాచోట్ల జవాబే రాదు. మూడు నెలలు చూసి ఇంకో పత్రికకి పంపెయ్, ఒకేసారి రెండింటికి మాత్రం వద్దు, కథ ఇంకెక్కడికీ పంపలేదని హామీపత్రం రాసిచ్చేది నువ్వే కదా.

పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగితే శ్రీకాకుళం దగ్గరే, ఒకరోజు కథానిలయానికి వెళ్లు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల కోసమే పెట్టిన గ్రంథాలయం అది, పాత పత్రికలు బోలెడుంటాయి. నువ్వు పంపే పత్రికవి ఓ ఇరవై సంచికలు తిరగేసి కథ ఎక్కడ మొదలవుతోందో, నిడివి ఎంతుందో రాసుకో. నా కథల్లో మొదటి పేజీ అంతా ఊరి వర్ణనేనని నాకు అలా కూర్చున్నాకే తెలిసింది, అది తీసేశాక రెండు పడ్డాయి.

నీ జీడిపప్పు ఫ్యాక్టరీ కథలో ఆడవాళ్ల మాటలు మన యాసలోనే ఉంచు, ఎవరు చెప్పినా మార్చకు. ముందు దాన్నే పంపు.