హాఫెన్‌హైమ్ పేరులోని 1899 ఆ ఊళ్లో ఫుట్‌బాల్ మొదలైన ఏడాదేనా?

కాదు, జర్మనీలోని హాఫెన్‌హైమ్ అనే ఊరి ఫుట్‌బాల్ క్లబ్ టీఎస్‌జీ 1899 హాఫెన్‌హైమ్ పేరులో ఉన్నది ఆ ఊరి జిమ్నాస్టిక్స్ సంఘం పుట్టిన ఏడాది. ఫుట్‌బాల్ సంఘం 1920ల్లో గానీ రాలేదు, 1945లో రెండూ కలిసిపోయాయి. అక్కడి పల్లెల్లో క్లబ్బంటే ఒక్క ఆట కోసం పెట్టుకున్నది కాదు, నాలుగైదు ఆటల రిజిస్టర్డ్ సంఘం. అందుకే కలిశాక కూడా పాత సంఘం ఏడాదే చెప్పుకుంటారు. మ్యూనిక్ 1860 క్లబ్బూ అంతే: దాని ఫుట్‌బాల్ విభాగం మొదలైంది 1899లో!

హాఫెన్‌హైమ్‌ను డబ్బున్నాయన కొత్తగా పుట్టించిన క్లబ్ అనుకోవడం మాత్రం పొరపాటు. శాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన డీట్‌మార్ హాప్ కుర్రాడిగా ఆడింది ఇక్కడే. 1990ల మొదట్లో జట్టు జర్మన్ లీగుల్లో ఎనిమిదో అంచెలో, చుట్టుపక్కల ఊళ్లతో ఆడే అమెచ్యూర్ జట్టు. ఆయన డబ్బు పెట్టాక 2001లో మూడో అంచెకు, 2007లో రెండో అంచెకు, మరుసటి ఏడాదే అన్నిటికన్నా పై అంచె అయిన బుండెస్‌లీగాకు ఎక్కింది. ఊరి జనాభా మూడు వేల పైచిలుకే. ఊళ్లో ఆరు వేల మంది పట్టే మైదానం చాలక, 2009లో జిన్స్‌హైమ్ పట్టణం పక్కన 30 వేల మంది పట్టే స్టేడియానికి మారారు.