ఫోన్‌తో తీసే షార్ట్ ఫిల్మ్‌లో మట్టి మిద్దె కూలే షాట్: మినియేచర్ ఎలా కట్టాలి?

అనంతపురం పక్క పల్లెలో షూటింగ్, వానకు నానిన పాత మట్టి మిద్దె కూలాలి, ఉన్నది ఒక ఫోను, 5 వేల రూపాయలు, మినియేచర్‌తో (చిన్న నమూనా ఇల్లుతో) అవుతుందా అని అడిగారు. అవుతుంది. అయితే వాన పడుతుండగా కూల్చకండి, వాన వెలిసిన పొద్దున కూల్చండి. ఇల్లు ఎంత చిన్నగా కట్టినా నీటి చుక్క చిన్నది కాదు. చుక్క పడిందంటే బొమ్మ అని తెలిసిపోతుంది.

కొలత అడుగుకి అంగుళం, అంటే 1:12 పెట్టుకోండి. పదడుగుల గోడ పది అంగుళాలు. అడుగున్నర మందం అంగుళంన్నర.

గోడను ఒకే ముద్దగా పోస్తే పలకలాగా పడిపోతుంది, కూలినట్టు ఉండదు. జల్లించిన ఎర్రమట్టి నాలుగు పాళ్లు, సన్న ఇసుక ఒక పాలు కలిపి బొటనవేలంత గడ్డలు చేసి ఎండబెట్టండి. పలచటి బురదతో పేర్చండి. సిమెంటు, ఫెవికాల్ అసలు వద్దు. పై పూతకు మట్టిని పలచటి గుడ్డలో జల్లించాలి, ఎందుకంటే 1 మిల్లీమీటరు ఇసుక రేణువు తెర మీద 12 మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. పూతలో గడ్డి బదులు గోనెసంచి పీచు, అర అంగుళం ముక్కలుగా కత్తిరించి కలపండి. తడి కనిపించడానికి బయటివైపు మాత్రం స్ప్రే కొట్టండి. లోపలికి దిగితే గోడ విరగదు, జారుతుంది.

దూలాలకు అర అంగుళం వేపకొమ్మలు. నడుమ కింది వైపు నుంచి సగానికి పైగా రంపంతో కోసి ఉంచాలి. దంతెలకు (దూలాల మీద అడ్డంగా వేసే కట్టెలకు) కందికట్టె పుల్లలు, పైన అంగుళం చౌడు మట్టి. ఇంత చిన్న కప్పు తన బరువుకి తాను విరగదు. దూలం నడుమ గేలం దారం కట్టి, ఇల్లు నిలబెట్టిన ప్లైవుడ్ బల్లకి రంధ్రం పెట్టి, బల్ల కింద నుంచి లాగాలి. గోడకు ఇంకో దారం, దూలం లాగిన వెంటనే అదీ లాగాలి. పది అంగుళాలు పడటానికి పావు సెకను కూడా పట్టదు కాబట్టి ఇద్దరు మనుషులు ఖాళీ బల్ల మీద ముందే అలవాటు చేసుకోవాలి.

బరువు కనిపించేది వేగంలోనే. చిన్న ఇల్లు మరీ గబుక్కున పడిపోతుంది కాబట్టి ఎక్కువ ఫ్రేములతో తీసి నెమ్మదిగా చూపాలి. సినిమా మామూలు వేగం సెకనుకు 24 ఫ్రేములు, దాన్ని మన కొలత 12 వర్గమూలంతో గుణిస్తే సెకనుకు 83 ఫ్రేములు. ఫోన్‌లో 120 పెట్టి తీసి, 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ముందు ఐదో వంతు వేగానికి (20 శాతం) నెమ్మది చేసి, ఆ నెమ్మది వేగాన్ని 145 శాతం చేయండి, అంటే అసలు వేగంలో 29 శాతం. కరెంటు లైట్లు 120లో మినుకుమంటాయి, ఎండే మేలు. మన దగ్గర పొద్దెక్కితే గాలి లేచి దుమ్ము పక్కకు ఎగిరిపోతుంది, అందుకే తెల్లవారుజామునే అన్నీ సిద్ధం చేసుకుని తొలి ఎండలో తీసేయండి.

లెన్సు బల్ల మీద నుంచి 5 అంగుళాల ఎత్తులోనే ఉండాలి, ఈ కొలతలో అది నిలబడ్డ మనిషి కంటి ఎత్తు. బల్లను ఆరుబయట వేస్తే వెనక నిజమైన గుట్టలే వస్తాయి. బల్ల అంచును మట్టి గట్టుతో కప్పండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, వెనక మసకబారితే ఇల్లు అగ్గిపెట్టెలా కనిపిస్తుంది.

గడ్డలు మూడు ఇళ్లకు సరిపడా చేసి ఉంచుకోండి, మొదటిది దాదాపు ఎప్పుడూ పోతుంది. ఎడిటింగ్‌లో మినియేచర్ 2 సెకన్లు చాలు. వెంటనే నటుడి మీదికి కట్ చేసి, ఫ్రేము బయట నుంచి అదే మట్టి రెండు దోసిళ్లు విసరండి.