బ్రూనోను రింగులోకి తీసుకెళ్లే ముందు

చిరంజీవి కిట్టుకు,

పద్మారావునగర్ నుంచి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మోకాళ్ల నొప్పులూ కరెంటు బిల్లూ అన్నీ అయ్యాక, పెట్టేసేముందు, "వీడు కుక్కను షోకి తీసుకెళతాడట, ఛాంపియన్ చేస్తాడట, అన్నీ నీ పోలికలే" అన్నాడు. తిట్టాడో పొగిడాడో తెలియలేదు. నాకు మాత్రం రెండింటి దాకా నిద్ర పట్టలేదు. అందులో సగం సంతోషమే. మిగతా సగం ఏమిటో కింద రాస్తాను.

ముందు చిన్న విషయాలు. బ్రూనో కాగితాలు చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నీ పేరుకు మారాయో లేదో చూసుకో. కాగితం మీదున్న మైక్రోచిప్ నంబరూ వాడి ఒంట్లో ఉన్నదీ ఒకటేనా అని డాక్టరు దగ్గర స్కాన్ చేయించు. టీకాలు వేయించు. ఎంట్రీ గడువు దాటనివ్వకు. వృషణాలు రెండూ దిగి ఉండాలి. అత్తయ్య ఇలాంటివి రాస్తుందేమిటని సిగ్గుపడకు, జడ్జి అందరి ముందే తడిమి చూస్తాడు.

ఇక ఒళ్లు. దీపావళికి వచ్చినప్పుడు బ్రూనో నడుము ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మగ లాబ్రడార్‌కు భుజం దగ్గర 56, 57 సెంటీమీటర్ల ఎత్తు, చేపలు పట్టి తినే నీటికుక్క (ఆటర్) తోకలా మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడే తోక, పొట్టి బొచ్చు కింద దట్టంగా మరో పొర ఉండాలి. వాడికి ఇవన్నీ పుట్టుకతోనే వచ్చాయి, మీ అమ్మ పెరుగన్నం వాటిని దాచేస్తోంది. ఆ సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు మాట్లాడకు.

డాలస్‌లో ఉన్న మీ అక్క నీకు పాయింట్ల లెక్క చెప్పిందట. అది అక్కడి లెక్క. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఛాంపియన్ కావాలంటే 15 పాయింట్లు కావాలి. ఎన్ని కుక్కలను ఓడించావన్న దాన్నిబట్టి ఒక షోలో 1 నుంచి 5 దాకా ఇస్తారు. 3 గాని అంతకు మించి గాని వస్తే దాన్ని మేజర్ అంటారు. అలాంటివి రెండు, ఇద్దరు జడ్జిల దగ్గర గెలవాలి. ఆ ఇద్దరూ కాక మరో జడ్జి దగ్గర కనీసం ఒక పాయింటైనా రావాలి. వస్తామన్న కుక్కల్లో ఒక్కటి రాకపోయినా ఒక్కోసారి ఆ మేజర్ కాస్తా రెండు పాయింట్లకు పడిపోతుంది. ఓడేవాళ్ల కోసం కూడా ఎదురుచూడాల్సిన ఆట అన్నమాట.

మన దగ్గర వెంటపడాల్సింది సీసీ, అంటే ఛాలెంజ్ సర్టిఫికెట్. ఒక్కో షోలో జాతికి మగవాటిలో ఒకటి, ఆడవాటిలో ఒకటి. ఒకే జడ్జి ఎన్నిసార్లు మెచ్చినా చాలదు, వేర్వేరు జడ్జిలు ఇవ్వాలి. పైగా ఆ స్థాయి లేదనిపిస్తే, మొదటి స్థానం ఇచ్చి కూడా జడ్జి సీసీని ఆపేయవచ్చు. నీలాంటివాళ్లు ఊరంతా లాబ్రడార్లనే పెంచుతారు కాబట్టి నీ రింగులో ఎప్పుడూ తొక్కిసలాటే. ఒక సీజనులో అయిపోతుందని ఆఫీసులో గొప్పలు చెప్పకు.

ఇప్పుడు గౌరి సంగతి. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

1993లో ముధోల్ నుంచి తెచ్చాను దాన్ని. మన పాత ఆదిలాబాద్ జిల్లా ముధోల్ కాదు. మీ మామయ్య అలాగే పొరబడి, దారిలో బాసర దర్శనం కూడా అవుతుందని సంబరపడ్డారు. ఇది కర్ణాటకలోది, అప్పటికి బీజాపూర్ జిల్లా. ఆ వేటకుక్కనే కెన్నెల్ క్లబ్ పుస్తకాల్లో కారవాన్ హౌండ్ అంటారు. 2005లో ముధోల్ కుక్క మీద తపాలా బిళ్ల వేస్తే నాలుగు కొని గౌరికి చూపించాను. వాసన చూసి వెళ్లిపోయింది.

మీ మామయ్యను చిన్నప్పుడు కుక్క కరిచి, బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడిచారు. అందుకని గౌరి గదిలోకి వస్తే ఆయన కాళ్లు కుర్చీ మీదికి వెళ్లేవి. దాన్ని పెంచింది నేనూ, మా అత్తగారూ, పనిమనిషి యాదమ్మా. మగవాడి చెయ్యి దాని మీద పడింది లేదు. మొదటి రెండు షోల్లో జడ్జిలు ఆడవాళ్లు. రెండు సీసీలు వచ్చాయి. అదంతా నా శిక్షణ గొప్పతనమే అనుకున్నాను.

1995 ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లో ఇంకో షో. జడ్జి ఆరడుగుల మనిషి, పెద్ద అంచు టోపీ. పళ్లు చూడటానికి పైనుంచి వంగాడు. టోపీ నీడ ముఖం మీద పడగానే గౌరి వెనక్కి కుంగిపోయింది, తోక కాళ్ల మధ్యకు వెళ్లింది. ఆయన మంచివాడే, కాసేపు ఆగి మళ్లీ చెయ్యి చాపాడు. అది నా చీర కుచ్చిళ్లలో దూరింది. మూడో స్థానం ఇచ్చారు. నవ్వుతూ రిబ్బను తీసుకున్నాను.

షామియానా వెనక, నీళ్ల ట్యాంకరు పక్కన, ఎవరూ లేరని చూసుకుని లీష్‌ను రెండుసార్లు గట్టిగా గుంజాను. చేతిలో ఉన్న కేటలాగును గొట్టంలా చుట్టి దాని మూతి మీద కొట్టాను. అది అరవలేదు. పారిపోవాలని కూడా చూడలేదు. నాలుగు కాళ్లూ సరిగ్గా సర్దుకుని, మెడ ఎత్తి, నేను నేర్పినట్టే రింగులో నిలబడినట్టు నిలబడింది. నాకు కావలసింది అదే అనుకుంది పాపం. ముప్పై ఏళ్లు దాటింది కిట్టూ, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ నాలుగు కాళ్లే.

అయినా బుద్ధి రాలేదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో, గార్డు బ్రేకు వ్యానులోని కుక్కల పెట్టెలో పెట్టి దాన్ని చెన్నై తీసుకెళ్లాను. వరంగల్‌లోనూ విజయవాడలోనూ నీళ్ల సీసాతో ప్లాట్‌ఫాం మీద పరుగు తీశాను. తీరా రింగు దగ్గరికి వెళ్తే, తాడు పక్కన ఎవరో కేటలాగును చుట్టి విసురుకుంటున్నారు. గౌరి గడ్డిలో పొట్ట ఆనించి పడుకుంది. కదల్లేదు. లాగితే గడ్డితో పాటు వచ్చింది.

అంతే, ఆ తర్వాత మళ్లీ ఏ షోకీ తీసుకెళ్లలేదు. మీ మామయ్య ఒకే ఒక్క మాట అన్నారు: "ఇన్నాళ్లూ దానికి నేను భయపడ్డాను. ఇప్పుడది నీకు భయపడుతోంది." ఆ సాయంత్రం నుంచి ఆయన మెట్ల మీద కూర్చుని చపాతీ ముక్కలు తుంచి, చెయ్యి వీలైనంత దూరం చాచి, ముఖం అటు తిప్పుకుని పెట్టడం మొదలుపెట్టారు. నాలుగు నెలలు పట్టింది. పదమూడేళ్లు బతికింది గౌరి. చివరి ఏడాది ఆయన మంచం కిందే పడుకునేది.

కాబట్టి రేపటి నుంచి బ్రూనోను వేర్వేరు చేతులు తాకాలి. వాచ్‌మన్, పాలబ్బాయి, హెల్మెట్ తీయని డెలివరీ కుర్రాడు, కర్ర పట్టుకున్న మీ పక్కింటి తాతగారు. ముందు గడ్డం కింద, తర్వాత పెదవి ఎత్తి పళ్లు, అక్కడి నుంచి వీపు మీదుగా తోక దాకా. ఒక్క నిమిషం చాలు, ఆ వెంటనే ఉడికించిన కోడి కాలేయం ముక్క. మా లాబ్రడార్ అందరితోనూ కలుస్తాడు అంటావు. పార్కులో కలవడం వేరు, కదలకుండా నిలబడి పరాయివాడికి పళ్లు చూపించడం వేరు. ఓడిన రోజు వాడికి నీళ్లు పట్టి, నువ్వూ తాగి, తిన్నగా ఇంటికి రా. కోపం వస్తే నాకు ఫోన్ చేసి నా మీద అరుచుకో. చేతిలో కేటలాగు ఉంటే ముందు సంచిలో పెట్టేయి.

ఎండ మాటొకటి. జనవరి కదా అని ధీమాగా ఉండకు, మైదానంలో మధ్యాహ్నం ఎండ మనదే. మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే దారి వాటికి లేదు, రొప్పడమే దిక్కు. వాటి ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలుంటుంది. 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. తడి తువ్వాళ్లు, నీళ్లు, నీడ చూసుకో. కారు అద్దాలు కాస్త దించి లోపల వదిలి వెళ్లావని తెలిస్తే నేను అక్కడికే వచ్చి అందరి ముందూ నీ చెవి మెలిపెడతాను.

ఆదివారం ఉదయం ఏడింటికి మామయ్యను మీ ఇంటికి పంపుతున్నాను. అంచు టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని వస్తారు. మోకాళ్లు వంగవు కాబట్టి అచ్చం ఆ జడ్జిలాగే పైనుంచి వంగుతారు. బ్రూనో బెదిరితే నవ్వకు, లాగకు, ఆయన ఎంతసేపైనా ఆగుతారు. కాలేయం ముక్కలు నేనే ఉడికించి డబ్బాలో పెట్టి పంపుతాను. పెసరట్టు మాత్రం ఆయనకే, బ్రూనోకు పెట్టవద్దని మీ అమ్మతో చెప్పు.

మీ అత్తయ్య