సింగపూర్ ఆర్బిట్రేషన్ అవార్డు వచ్చాక మన హైకోర్టులో కేసు మళ్లీ మొదటి నుంచి వాదించొచ్చా?

మలేషియా పార్టీకి పంపిన మిర్చి నాణ్యత గొడవలో సింగపూర్ ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తి తేల్చే పద్ధతి, ఆ తీర్పునే అవార్డు అంటారు) ఓడిపోయామనీ, వాళ్లు ఆ అవార్డు అమలు కోసం మన ఏపీ హైకోర్టుకి వచ్చారనీ రాశారు. ఇక్కడ మన ల్యాబ్ రిపోర్టు చూపిస్తే గెలుస్తామా అని మీ ప్రశ్న.

గెలవడం కష్టమండీ. గుంటూరులో ఒక ఎగుమతి సంస్థలో లెక్కలు చూస్తాను. మా ఓనరు గారి మీద ఇలాంటి కేసే పడితే ఫైళ్లన్నీ పట్టుకుని తిరిగింది నేనే. తేజ మిర్చిలో తేమ ఎక్కువుందని అవతలివాళ్ల గోల. లోడింగ్ ముందు తీయించిన రిపోర్టు మా దగ్గరుంది, కానీ ఆర్బిట్రేటర్ సరుకు దిగాక తీసిన రిపోర్టునే నమ్మారు. హైకోర్టులో మా లాయరు గారు మళ్లీ ఆ కాగితమే తీస్తే, ఇది సెక్షన్ 48లో దేని కిందికి వస్తుందని జడ్జి గారు అడిగారు. అంతే, తేమ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

1996 ఆర్బిట్రేషన్ చట్టంలో ఆ సెక్షన్ చాలా ఇరుకు. మీకు సరిగ్గా నోటీసు రాకపోయినా, వాదించుకునే వీలు ఇవ్వకపోయినా, ఒప్పందంలో లేని విషయం మీద తీర్పిచ్చినా, ఇలాంటివాటికే అమలు ఆపుతారు. మన దేశ పబ్లిక్ పాలసీకి, అంటే మన చట్టాల మూల విధానానికి, విరుద్ధమైనా ఆపొచ్చు. 2020లో నాఫెడ్ (వ్యవసాయ ఉత్పత్తుల జాతీయ సహకార సంస్థ) వేరుశనగ కేసులో సుప్రీంకోర్టు అలాగే ఆపింది, కానీ అక్కడ సమస్య నాణ్యత కాదు, ఎగుమతికి ప్రభుత్వ అనుమతి లేకపోవడం. అదే ఏడాది విజయ్ కారియా కేసులో మాత్రం తీర్పు తప్పొప్పుల్లోకి వెళ్లబోమని చెప్పి, అడ్డుపడినవాళ్ల మీద 50 లక్షల ఖర్చులు వేసింది. ఆ అంకె వినగానే మా ఓనరు గారు రాజీకి దిగారనుకోండి!

ఇంకోటి. హైకోర్టు అమలు చేయమంటే ఈ చట్టం కింద మీకు అప్పీలు లేదు. అమలు కుదరదంటేనే, అదీ అవతలివాళ్లకి, సెక్షన్ 50 కింద అప్పీలు ఉంటుంది. మీకు మిగిలేది సుప్రీంకోర్టులో ఎస్ఎల్‌పీ (ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్) ఒక్కటే.

అవార్డునే కొట్టేయించాలంటే సింగపూర్ కోర్టుకే వెళ్లాలి, అదీ మామూలుగా అవార్డు అందిన 3 నెలల్లోపే. మీకు కాపీ ఏ తేదీన చేరిందో ముందు అది చూసుకుని లాయరుకి చెప్పండి.