రెండు వారాలు వెళ్లి పిల్లలకు ఇంగ్లిష్ నేర్పొచ్చా?

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా మూడు నెలల టైముంది. కాంబోడియాలో ఒక అనాథాశ్రమంలో రెండు వారాలు పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే వాలంటీర్ ప్రోగ్రామ్ ఉందట. అనుభవం అక్కర్లేదు, ఫీజు కడితే చాలు, టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి అంటున్నారు. నాకు పిల్లలంటే ప్రాణం. వెళ్లమంటారా?

జవాబు: మీ మనసు మంచిదే, కానీ ఈ ప్రోగ్రామ్‌కి మాత్రం వెళ్లకండి.

కాంబోడియా అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఎప్పుడో చెప్పింది. అక్కడైతే తిండి, చదువు దొరుకుతాయని పేద తల్లిదండ్రులు పంపేస్తారు, పిల్లలు కనిపిస్తే విదేశీయులు డబ్బిస్తారు, డబ్బొస్తోంది కాబట్టి ఇంకొందరు పిల్లల్ని తెచ్చి పెడతారు. ఆస్ట్రేలియా పార్లమెంటు 2017లో ఆధునిక బానిసత్వం మీద విచారణ జరిపినప్పుడు, పిల్లల్ని ఇలా అనాథాశ్రమాలకు చేర్చే వ్యవహారాన్ని కూడా అందులో పరిశీలించింది. పైగా రెండు వారాలకోసారి ఒక కొత్త అక్క వచ్చి ముద్దు చేసి, అలవాటయ్యేలోపు వెళ్లిపోతుంటే ఆ పసిమనసులు ఏమవుతాయో ఆలోచించండి.

ఇంకో మాట. మీ గురించి ఏమీ అడగకుండా, పోలీస్ క్లియరెన్స్ కూడా చూడకుండా మిమ్మల్ని పిల్లల మధ్యకి పంపేవాళ్లు, రేపు ఎవరినైనా అలాగే పంపుతారు. నాకు అన్నిటికంటే భయం వేసేది అక్కడే.

వీసా సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. జీతం లేదు కదా అంటే చాలా దేశాల్లో ఒప్పుకోరు. థాయిలాండ్‌లో ఉచితంగా పని చేసినా వర్క్ పర్మిట్ ఉండాల్సిందే. ఏ దేశమైనా ఆ దేశ ఎంబసీనే అడగండి, ఏజెంట్ మాట నమ్మి వెళ్లకండి.

నేనూ ఒకప్పుడు ఇలాంటి పని మీదే ఒక చిన్న స్కూలుకి వెళ్లాను. మొదటి రోజు ఎంతో ఉత్సాహంగా బోర్డు మీద రంగుల పేర్లు రాశాను. ముందు బెంచీలో తొమ్మిదేళ్ల పాప చప్పుడు చేయకుండా తన నోట్‌బుక్ తెరిచి నాకు చూపించింది. అందులో రెడ్, బ్లూ, గ్రీన్ అంటూ అదే పాఠం అప్పటికే మూడుసార్లు ఉంది, మూడు చోట్లా మూడు వేర్వేరు చేతిరాతల్లో ‘గుడ్’ అని ఉంది. నాకంటే ముందు వచ్చిన ముగ్గురూ మొదటి పాఠం చెప్పి వెళ్లిపోయారన్నమాట. ఆ పాపకి రెండో పాఠం ఎవరూ చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే అనాథాశ్రమం వద్దు, మామూలు బడి చూసుకోండి. అక్కడ ఏడాది పొడవునా పాఠం చెప్పే స్థానిక టీచర్ ఉండాలి, మీరు ఆమెకి సహాయంగా ఉండాలి, ఆమె లేకుండా పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. వెళ్లేముందే పాఠం ఎక్కడిదాకా వచ్చిందో రాసి పంపమనండి, మీరు వచ్చేటప్పుడు కూడా ఎక్కడ ఆపారో రాసిపెట్టి రండి. కట్టే ఫీజులో బడికి ఎంత వెళ్తుందో కాగితం మీద చూపించమని అడగండి, నసిగితే వదిలేయండి. విదేశాలకు వాలంటీర్లను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్‌లో వాలంటీర్లు 27 నెలలు ఉంటారు, అందులో దాదాపు మూడు నెలలు శిక్షణకే పోతుంది. అంటే మీకున్న ఖాళీ మొత్తం! అది అమెరికా పౌరులకే అనుకోండి, కానీ ఈ పనికి ఎంత సమయం పడుతుందో తెలుస్తుందని చెప్తున్నాను.

మూడు నెలలే ఉన్నాయి కాబట్టి ఒకే ఊళ్లో ఉండండి. బడి వదిలాక రోజూ గంటసేపు ఆ టీచర్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడండి. నన్నడిగితే పిల్లలకు చెప్పే పాఠం కంటే ఇదే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే మీరు వచ్చేశాక కూడా ఆమె అక్కడే ఉంటుంది. వెళ్లేముందు 120 గంటల టెఫెల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ ఎలా నేర్పాలో చెప్పే) కోర్సు చేయండి, కానీ వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకునేది కాదు, నిజం క్లాసులో పాఠం చెప్పించేది చూసుకోండి. అలాంటిదే సెల్టా అనే ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోర్సులో అయితే కనీసం 6 గంటలు మీ చేత పాఠం చెప్పించి, తప్పులు చెప్తారు. అక్కడ నేర్చుకునేవాళ్లు పెద్దవాళ్లే అయినా ఆ అనుభవం పిల్లల దగ్గరా పనికొస్తుంది.

ప్రశ్న: నా ఇంగ్లిష్ యాస అంత బాగుండదు. నేను నేర్పడానికి పనికొస్తానా?

జవాబు: తప్పకుండా. మీరూ కష్టపడి నేర్చుకున్నవారే కాబట్టి పిల్లలు ఎక్కడ తడబడతారో మీకు ముందే తెలుస్తుంది. యాస టెన్షన్ వదిలేసి నెమ్మదిగా, స్పష్టంగా, చిన్న వాక్యాల్లో మాట్లాడటం ప్రాక్టీస్ చేయండి. పుస్తకం తెరవమని చెప్పడానికి రోజుకో రకం మాట కాకుండా ఎప్పుడూ ఒకే వాక్యం వాడండి, వారం తిరిగేసరికి మీరు సగం మాట అనగానే పిల్లలు పుస్తకాలు తీస్తారు.