చెరువుల ఫైలు వడకట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

అల్లూరు దగ్గరి రొయ్యల చెరువుల్లో మీటరు నమోదు చేసిన ఫైలు నుంచి, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గిన వరుసలను మాత్రమే వేరుచేసే ప్రోగ్రామును జావాలో రాసిస్తానని నువ్వు ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు ఒక పక్క సంతోషం, ఒక పక్క గుబులు.

చదివే పని ఒక క్లాసుకు, అంటే ప్రోగ్రాములోని ఒక విడి భాగానికి, వరుస ఉండాలో పోవాలో తేల్చే పని మరొక క్లాసుకు, రాసే పని ఇంకొక దానికి అప్పగించు. తేల్చే క్లాసును ఇంటర్‌ఫేసు వెనుక, అంటే ఏ పని చేయాలో మాత్రమే చెప్పే ఒప్పందం వెనుక ఉంచితే, రేపు రైతు సెలినిటీ (నీటి ఉప్పదనం) కూడా చూడమన్నప్పుడు మిగతా రెండింటినీ కదపనక్కరలేదు. ఖాళీ వరుస వచ్చిందని చదవడం ఆపవద్దు. ఫైలు అయిపోయినప్పుడు, ఒక్కో వరుస చదివి ఇచ్చే రీడ్‌లైన్ ఇచ్చేది ‘ఇక ఏమీ లేదు’ అనే నల్, అక్షరాల్లేని ఖాళీ స్ట్రింగు కాదు. విలువలను అంకెలుగా మార్చిన తరువాతే పోల్చు. అక్షరాలుగా పోలిస్తే 10.2 కూడా 4 కంటే చిన్నదైపోయి, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న చెరువు ప్రమాదపు జాబితాలో చేరుతుంది.

నా భయమంతా వేరొక చోట ఉంది. 2001లో నేను కందుకూరులో ఒక పొగాకు వ్యాపారి దగ్గర లెక్కలు చూసేవాణ్ణి. బేలు నంబరు, బరువు, గ్రేడు, ధర ఉన్న ఫైలులోంచి వేలంలో ఎవరూ పాడని నోబిడ్ బేళ్లను తీసివేయాలని ప్రోగ్రాము రాసి, చదివే ఫైలు పేరునే రాసే ఫైలుకూ ఇచ్చాను. ఫైలులోకి రాసిపెట్టే ఫైల్‌రైటర్ ఆబ్జెక్టును సృష్టించిన క్షణంలోనే, ఒక్క అక్షరమైనా రాయకముందే, అది పాత ఫైలును ఖాళీ చేస్తుందని నాకు అప్పటికి తెలియదు. తెర మీద ఒక్క ఎర్రరూ రాలేదు. ప్రోగ్రాము చక్కగా ముగిసింది, ఫైలు సైజు మాత్రం సున్నా. నకలు తీసి పెట్టుకోలేదు. చీటీల కట్టలు ముందేసుకుని రెండు రాత్రులు ఆ సీజను లెక్కంతా మళ్లీ ఎక్కించాను. డిగ్రీ పరీక్షలు దగ్గరపడినా మీ నాన్న పుస్తకాలు పక్కన పెట్టి, గొంతు బొంగురుపోయేదాకా ఒక్కొక్క చీటీ పైకి చదివి వినిపించాడు. ఈ సంగతి నీకు చెప్పి ఉండడు.

అసలు ఫైలు జోలికి పోవద్దు తల్లీ. కొత్త ఫైలులోనే రాయి. ఉంచినవీ వదిలినవీ కలిపితే చదివిన వరుసల లెక్కకు సరిపోవాలి. రైటరును మూయకపోతే రాతను కాసేపు దాచే బఫరులో మిగిలిన చివరి వరుసలు డిస్కుకు చేరవు కనుక, పని ముగియగానే తనంతట తానే మూసేసే, జావా 7 నుంచి ఉన్న ట్రై-విత్-రిసోర్సెస్‌లోనే దానిని తెరువు. ఇదంతా నాకు తెలియదా అని విసుక్కుంటే విసుక్కో, నకలు తీయకుండా నడిపితే మాత్రం నేను ఊరుకోను. ఆదివారం కావలి వచ్చేటప్పుడు ఆ నకలు పెన్‌డ్రైవులో తీసుకురా. మొదటిసారి నా పక్కన కూర్చుని నడుపుదువుగాని.

ఇట్లు,
మీ పెదనాన్న